పర్ర పండగకి వెళ్ళాను, నేల పొడిగా ఉంది

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. ఒంగోలులో మా ఇంట్లో మంచముంది, దాని మీద పరుపూ ఉంది. కానీ నేను చాలా ఏళ్ళుగా పడుకునేది తుంగచాప మీద. ఆ చాపలు అల్లేది మరియమ్మ. చీరాల నుంచి పర్చూరు వెళ్ళే దారికి కాస్త లోపలగా వాళ్ళ ఊరు, ఊరి పక్కనే పర్ర. వానాకాలంలో వాగునీళ్ళు నిండి, ఎండలు ముదిరేదాకా తడి ఆరని పల్లపు నేలని మావైపు పర్ర అంటారు. అందులో తుంగ పెరుగుతుంది, చేపలు పెరుగుతాయి, చలికాలంలో పక్షులొస్తాయి. ఫిబ్రవరి మొదట్లో ఒక సాయంత్రం మరియమ్మ ఫోన్ చేసింది. "మాస్టారూ, పర్రలో ఏదో సభ పెడతన్నారండీ. కార్లు దిగటానికని గ్రావెల్ తోలి తూము పూడ్చేశారు. వాగునీళ్ళు లోపలికి రావట్లేదు, తుంగ పసుపెక్కతంది. ఆ సభ పెట్టేవాళ్ళు మీకు తెలిసినోళ్ళేనంట. వచ్చి ఒక్క మాట చెప్పండి." ఏం సభమ్మా అని అడిగాను. పక్కన ఎవరినో కనుక్కుని చెప్పింది. "పర్రని కాపాడే సభంటండీ."

ఒక్క సంగతి ముందే చెబుతాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఆ వాగులో నీరు మాఘమాసం దాటితే ఉండదు. పొలాల నుంచి జారే మిగులు నీరు అప్పటిదాకా వాగులోకి దిగుతుంది, వాగు నుంచి తూము గుండా పర్రకి చేరుతుంది. మాఘంలో పట్టిన నీళ్ళతోనే పర్ర వేసవి గడుపుతుంది. అంటే తూము తెరవడానికి పట్టుమని రెండు వారాలుంది. తెరవకపోతే ఈ ఏడు తుంగ లేదు, తుంగ లేకపోతే మరియమ్మకి చాప లేదు.

సభ ఆదివారం. వేకువనే ఒంగోలు స్టేషన్లో పాసింజరు ఎక్కాను. టికెట్టు టీ నీళ్ళ ఖర్చు కంటే కాస్త ఎక్కువ, అంతే. గంటలోపే వేటపాలెం. నేరుగా చీరాలలో దిగొచ్చు, కానీ నాకు వేటపాలెంలో దిగే అలవాటుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడు అక్కడి గ్రంథాలయంలో రష్యా బురదనేలల గురించీ, బెంగాలులో బీల్ అనే నీటి పల్లాల గురించీ చదివి, అవెక్కడో దూరదేశపు వింతలనుకున్నాను. మా పక్క ఊరి పర్ర కూడా అలాంటిదేనని ఏ పుస్తకమూ చెప్పలేదు. పాత రెవెన్యూ లెక్కల్లో అలాంటి నేలలకి బంజరు అనే పేరే ఉండేది. స్టేషన్ బయట జీడిపప్పు కాల్చే పొగ పొద్దున్నే మొదలవుతుంది. బద్దపప్పు చవగ్గా దొరుకుతుంది, కొనుక్కోండి. బండి దగ్గర ఇడ్లీ తిని, షేరాటోలో చీరాల చేరి, పర్చూరు బస్సెక్కాను. ఆదివారం బస్సులు పలచన, అరగంట నిలబడాల్సి వచ్చింది. కండక్టరుకి ఊరి పేరు చెబితే "పక్షుల ఊరా సార్? ఇవ్వాళ అందరూ అక్కడికే" అన్నాడు. పక్షులు కూడానా అని అడగబోయి ఊరుకున్నాను.

దారి పొడవునా మిరప. ఈ కాలంలో ఆ వైపు వెళితే కిటికీలోంచి కనపడేది ఎరుపు ఒక్కటే. చేలల్లో ఎరుపు, కల్లాల్లో ఎరుపు, చోటు చాలనివాళ్ళు రోడ్డు మీదే ఒక వారన పరిచిన ఎరుపు. బస్సు చక్రం అంచుకి తగిలితే ఘాటు లోపలికి వచ్చి బస్సంతా తుమ్ముతుంది. మధ్యలో వలిచేసిన పత్తిచేలు, మోళ్ళు మిగిలి. ఊరి దగ్గర దిగేసరికి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి పర్రకి కిలోమీటరున్నర నడక. ఇదివరకు కట్ట మీద ఒక్క మనిషే నడవగలిగేది. ఇప్పుడు రెండు కార్లు పక్కపక్కన పోయేంత ఎర్ర గ్రావెల్ రోడ్డు. మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాడికి హాయిగానే ఉంది. ఆ హాయి నాకు నచ్చలేదు.

ఆ రోడ్డు చివర పర్ర మొదలయ్యే చోట ఎకరానికి పైగా గ్రావెల్ తోలి, రోలరు తొక్కించి, కచేరీ చావడిలా చదును చేశారు. దాని మీద షామియానా, కుర్చీలు, స్టేజీ. వెనక పెద్ద ఫ్లెక్సీ. 'చిత్తడి నేలలు మన ఊపిరి' అని రాసి, మంచు కొండల ముందు ఈదుతున్న తెల్లని హంసల బొమ్మ వేశారు. మా పర్రకి కొంగలొస్తాయి, నీటికోళ్ళొస్తాయి. హంసలు మాత్రం కావ్యాల్లోంచి ఎప్పుడూ దిగి రాలేదు. నిజం పక్షులు దూరంగా, మైకు వినపడనంత దూరంగా, మిగిలిన నీళ్ళలో గుంపుగా నిలబడి ఉన్నాయి.

మరియమ్మ కట్ట దగ్గర నిలబడి ఉంది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. "ప్రార్థన మానేసొచ్చానండీ. పాస్టరుగారికి చెప్పేశాలే, మాస్టారొస్తన్నారు, తూము తెరిపిస్తారని." నన్ను తూము దగ్గరికి తీసుకెళ్ళింది. తూమంటే పెద్దదేమీ కాదు, కట్ట కింద నుంచి వేసిన సిమెంటు గొట్టం. ఇవతల వాగు నిండుగా నిలబడి ఉంది. అవతల గొట్టం నోరు గ్రావెల్ కింద ఎక్కడుందో కూడా తెలియడం లేదు. దాని పక్కనే, సభకి నేల చదును చేసిన జేసీబీ ఇంకా ఉంది. డ్రైవరు దాని నీడలో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు.

"ఈ మట్టి తీయడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?" అన్నాను.

"రెండు బకెట్లు సార్. అన్నం తినేలోపు అయిపోద్ది."

"అయితే తియ్యి."

నవ్వాడు. "మీరెవరో నాకు తెలీదు సార్. నన్ను పిలిచింది స్టేజీ మీదున్న సారు. ఆయన చెయ్యెత్తి ఊపితే చాలు, తీసేస్తా. మధ్యాన్నానికి వేరే సైటుకి పోవాలి. ఆలోపే అడగండి."

స్టేజీ మీదున్న సారుని నేను నలభై ఏళ్ళుగా ఎరుగుదును. పేరు విశ్వేశ్వరరావు, మాకు విశ్వం. ఒకే కాలేజీలో, ఒకే స్టాఫ్‌రూములో పనిచేశాం. నేను తెలుగు చెప్పాను, అతను జంతుశాస్త్రం. ఇదే పర్రని దోమల గుంట అనీ, పూడ్చి ఇళ్ళస్థలాలు చేస్తే బీదలు బాగుపడతారనీ ఆ రోజుల్లో పత్రికలకి ఉత్తరాలు రాసినవాడు. రిటైరయ్యాక చిత్తడి నేలల మిత్రమండలి పెట్టి అధ్యక్షుడయ్యాడు. మనిషి మారకూడదని నేననను. కానీ మారినవాడు ఎక్కడి నుంచి మారాడో ఒక్కసారైనా చెప్పాలి. విశ్వం ఏనాడూ చెప్పలేదు. స్టేజీ దిగి ఎదురొచ్చి నన్ను కావలించుకున్నాడు.

"ఒరేయ్, ఇన్నాళ్ళకి వచ్చావురా. ఏంటి, ఇంకా బతికే ఉన్నావా?"

"నీ సభకి చచ్చి రావడం కుదర్లేదు. విశ్వం, తూము పూడిపోయింది. ఆ జేసీబీ అతనికి ఒక్క మాట చెప్పు, తెరుస్తాడు."

"చెప్తాలేరా. దానికేముంది? అసలు ఈ మాట నువ్వే స్టేజీ మీద చెప్పకూడదూ? జనానికి అవగాహన రావాలిగా."

"జనానికి అవగాహన ఉంది. గొట్టానికి దారి లేదు. నువ్వు చెయ్యెత్తితే చాలట."

"మైకులో చెప్పు. అందరి ముందూ చెయ్యెత్తుతా." ఈలోపు ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు.

నేను నమ్మాను. చదువుకున్నవాడికి మైకు మీదుండే నమ్మకం ఇంకెవరికీ ఉండదు. ముందు వరసలో కూర్చున్నాను. వెనక కుర్చీల్లో ఊరి ఆడవాళ్ళు, బిర్యానీ పొట్లాలకని వచ్చినవాళ్ళు. పిల్లలు కాగితపు రెక్కలు కట్టుకుని కొంగల డాన్సు చేశారు, బాగా చేశారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. తర్వాత జ్యోతి వెలిగించారు, గాలికి మూడుసార్లు ఆరింది. తర్వాత సన్మానాలు. గ్రావెల్ ఇచ్చినాయనకి సన్మానం. షామియానా ఇచ్చినాయనకి సన్మానం. పక్షుల ఫోటోలు తీసిన ఇద్దరికి, కవిత చదివిన ముగ్గురికి, రాలేకపోయిన ఒకాయన తరఫున ఆయన తమ్ముడికి సన్మానం. నేను తలతిప్పి చూస్తూనే ఉన్నాను. జేసీబీ అక్కడే ఉంది. డ్రైవరు అన్నం తినేసి, టిఫిను డబ్బా కడుక్కుని, బీడీ కాలుస్తున్నాడు.

అప్పుడు నా పేరు పిలిచారు. "భాషా సేవకులు, ప్రకృతి ఆరాధకులు" అంటూ విశ్వమే పిలిచాడు. లేచి వెళ్ళాను. మైకు అందుకునేలోపు ఇద్దరు చెరోవైపు నిలబడ్డారు, ఒకరు దండ వేశారు, ఒకరు శాలువా కప్పారు, ఇంకొకరు చేతిలో జ్ఞాపిక పెట్టారు, గాజు కొంగ. రెండు చేతులూ నిండిపోయాయి. "కెమెరా వైపు చూడండి మాస్టారూ" అన్నారు. మన జిల్లాల్లో మనిషి నోరు మూయించడానికి పోలీసులు అక్కర్లేదు, ఒక శాలువా చాలు. గొడవ పెట్టుకోవడానికి వచ్చినవాణ్ణి పిలిచి గౌరవించి కూర్చోబెట్టే ఈ కళ ఇంకో చోట నేను చూడలేదు. "ఒక్క విషయం. ఇక్కడి తూము..." అన్నాను మైకులో. అంతవరకే. ముఖ్య అతిథి కారు దిగారని కేక వినపడింది. విశ్వం నా భుజం మీద చెయ్యేసి, "ముందు ఆయన్ని రానీరా, పద్ధతి బాగోదు" అని మైకు తీసుకున్నాడు. కుర్చీలన్నీ అటు తిరిగాయి. ఆ సందడిలోంచే జేసీబీ స్టార్టయిన చప్పుడు విన్నాను. శాలువాతో, దండతో, గాజు కొంగతో దిగి అటు నడిచాను. నేను నడిచే వేగానికి అది రోడ్డెక్కేసింది. డ్రైవరు నన్ను చూసి చెయ్యెత్తి ఊపాడు.

ఒంటిగంటకల్లా సభ ముగిసింది. సంరక్షిస్తామని అందరూ లేచి నిలబడి ప్రతిజ్ఞ చేశారు. విశ్వం అతిథిని సాగనంపుతూ అదే కారెక్కాడు, అద్దం దించి "ఫోన్ చెయ్యరా, తప్పకుండా చూద్దాం" అన్నాడు. షామియానా విప్పుతుండగానే కట్ట మీద నుంచి మూడు ట్రాక్టర్లు దిగాయి. పొద్దుటి నుంచీ అవి రోడ్డు వారన ఆగే ఉన్నాయి, సభకి వచ్చినవాళ్ళవనుకున్నాను. నిండా మిరపకాయల టిక్కీలు, అంటే కుక్కి కుట్టిన గోనె బస్తాలు. చూస్తుండగానే పట్టాలు పరిచారు, టిక్కీలు విప్పారు. ముందు ట్రాక్టరు నడిపిన రైతుకి అరవై ఉంటాయి, పేరు వెంకటేశ్వర్లు. నన్ను చూసి తలపాగా సర్దుకుని దగ్గరికొచ్చాడు.

"సభ అయిపోయినట్టేనాండీ? ఇంకేమన్నా మిగిలుంటే ఆగుతాం."

"ఏమీ మిగల్లేదు. ఇక్కడ కాయ పోసుకోమని ఎవరన్నారు?"

"ఆ అధ్యక్షుడు సార్నే అడిగామండీ. సభయ్యాక మీ ఇష్టం అన్నారు. రోడ్డు మీద పోస్తే లారీలు తొక్కేస్తన్నాయండీ. ఇంత చదునైన కల్లం మా జన్మలో చూళ్ళేదు."

తూము సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. పర్రలో చిన్నప్పుడు చేపలు పట్టిన కబురు కూడా చెప్పాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఇప్పుడు తెరవొద్దు మాస్టారూ. నీళ్ళొస్తే నేల చెమ్మెక్కుద్ది. అడుగు కాయ బూజు పడుద్ది. బూజు కాయ మిర్చి యార్డులో ఎవరూ ముట్టుకోరండీ. ఈ రెండు నెలలూ ఆగండి, తర్వాత నేనే తెరుస్తా, నా పారతో." మంచివాడు. నిజంగా తెరుస్తాడనే నా నమ్మకం. రెండు నెలల తర్వాత తెరిచిన తూములోంచి రావడానికి వాగులో ఏముంటుందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

తిరిగి చూస్తే పట్టా అంచున ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు, రోడ్డు మీద సగం ఆరిన కాయలోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళలో మరియమ్మ ఉంది. తెల్లచీర మీద పాత చొక్కా తొడుక్కుంది.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"కూలికి మనుషులు తక్కువయ్యారంటండీ. రమ్మన్నారు." తల ఎత్తకుండానే అంది. "ఎండాకాలం దాకా పనుంటదంట. చాపలు ఎట్టాగూ లేవుగా."

"మైకులో చెప్పబోయాను మరియమ్మా. చెప్పనివ్వలేదు."

"చూశానండీ. దండ బాగుంది." వెక్కిరించిందో, నిజంగానే అందో నాకు తెలియలేదు. కాసేపు తాలు ఏరి, దగ్గి, అప్పుడు తల ఎత్తింది. "కూర్చోండి మాస్టారూ, ఎండలో ఎంతసేపు నిలబడతారు? ఇప్పుడు తడి లేదుగా. ఆ శాలువా మీకేం పని, ఇటివ్వండి. ఘాటు ఎక్కువగా ఉంది, ముక్కుకి కట్టుకుంటా."

ఇచ్చాను. రెండు మడతలేసి ముక్కుకీ నోటికీ కట్టుకుని వెనక ముడేసుకుంది. మిత్రమండలి పేరు జరీ అక్షరాల్లో ఆమె నోటి మీదికి వచ్చింది.

చీకటి పడకముందే బస్సెక్కి చీరాల, అక్కడి నుంచి రైల్లో ఒంగోలు వచ్చాను. మన ఊళ్ళలో ఒక చోటుని చంపడానికి శత్రువులు కావాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అక్కర్లేదు. దాని పేరున ఒక సభ చాలు. సభకి నేల కావాలి, నేలకి గ్రావెల్ కావాలి, గ్రావెల్ పడ్డాక ఆ నేల ఎవరికో ఒకరికి అన్నం పెట్టడం మొదలుపెడుతుంది. అన్నం పెట్టే నేలని ఇక ఎవరు తవ్వుతారు? వెంకటేశ్వర్లు మీద నాకు కోపం లేదు, మరియమ్మ మీద అసలే లేదు. విశ్వం మీద ఉంది, అది పాతదే, దాన్ని నాతోపాటే తీసుకుపోతాను. ఈ ముక్క అతను చదువుతాడు, చదివి ఫోన్ చేస్తాడు, తప్పకుండా చూద్దాం అంటాడు. చాప కింద వైపు చిరగడం మొదలైంది. కొత్తది అడగలేదు.

మీలో ఎవరైనా పర్ర చూడటానికి వెళ్ళాలనుకుంటే ఒక్కటే సలహా. ఫ్లెక్సీ ఇంకా ఉంది, దారి తప్పరు. బైనాక్యులర్లు బరువు, ఇంట్లో వదిలేయండి. మందపాటి జేబురుమాలు మాత్రం తడిపి తీసుకెళ్ళండి, అక్కడ తడుపుకోవడానికి నీళ్ళుండవు.