పులిహోర నేను మర్చిపోలేదు

ఆక్లాండ్‌లో, బోటనీ డౌన్స్‌లోని మా బావగారింటి హాల్లో, టీవీకి కాస్త పైన, ఫ్రేము కట్టిన ఫోటో ఒకటి ఉంది. వెనక సముద్రం, నల్లని గులకరాళ్ళ ఒడ్డు, సైకిళ్ళ పక్కన నవ్వుతున్న నలుగురు మనుషులు. మా బావగారు, మా తోడికోడలు, మా మరిది, మా ఆయన. నేను లేను. ఆ ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ఆ ఫోటో చూపిస్తారు. చూపించినప్పుడల్లా మా తోడికోడలు ఒకే మాట చెబుతుంది: "నేపియర్‌లో సైకిల్ ట్రిప్ అండీ. మా చెల్లి పులిహోర కార్లో మర్చిపోయి మమ్మల్ని ఆకలితో చంపేసింది."

అందరూ నవ్వుతారు. నేను మర్చిపోలేదని అప్పటికప్పుడే చెబుతాను. దానికీ నవ్వుతారు. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాయాలి కనుక నేనే రాస్తున్నాను.

అవి ఈస్టర్ సెలవులు. ఆక్లాండ్ నుంచి ఐదు గంటలకు పైగా డ్రైవ్ చేసుకుని శుక్రవారం సాయంత్రానికి నేపియర్ చేరాం. శనివారం పొద్దున్న సైకిళ్ళు అద్దెకు తీసుకుని, సముద్రం పక్కనే ఉన్న సైకిల్ బాట మీద మధ్య మధ్య ఆగి చూడాల్సినవి చూసుకుంటూ, తీరిగ్గా క్లిఫ్టన్ దాకా వెళ్ళాలని ప్లాను. క్లిఫ్టన్‌లో రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి పెద్ద కొండచరియలు మొదలవుతాయి. బాట చదునుగా ఉంటుంది, పిల్లలు కూడా తొక్కగలరు. ఈ ప్లాను వేసింది బావగారు. అంతా బోటనీ డౌన్స్‌లోనే నిర్ణయమైపోయింది. మౌంట్ రాస్కిల్‌లో ఉన్న మాకు ఫోన్లో చెప్పారు. సైకిళ్ళు నాలుగు బుక్ చేశామన్నారు.

"ఐదుగురం కదా?" అన్నాను మా ఆయనతో.

"నువ్వు కారు తెస్తావటలే. అన్నయ్యకి శనివారం కదా."

మా బావగారు శనివారాలు ఒంటిపూట భోజనం చేస్తారు. అదీ ఇంట్లో వండిందే. బయట నీళ్ళు, పళ్ళు తప్ప ఏమీ ముట్టుకోరు. పాతికేళ్ళుగా ఆ నియమం తప్పలేదని ఆయనే చెబుతారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒకరి శనివారం కోసం వంట చేసేది ఒకరు, ఆ వంటను మోసుకుంటూ వెంట తిరిగేదీ ఆ ఒకరే అయితే, ఆ పుణ్యం ఎవరి లెక్కలో పడుతుందో ఆయన ఎప్పుడైనా ఆలోచించారా అని అడుగుతున్నాను.

నాకు సైకిల్ రాదని కూడా అనుకున్నారేమో. ఎవరూ అడగలేదు. మా ఊరి నుంచి హైస్కూలు ఆరు కిలోమీటర్లు. కాలవగట్టు మీద, వెనక క్యారేజీ మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని, హ్యాండిల్‌కి రెండు అన్నం క్యారేజీలు తగిలించుకుని, నాలుగేళ్ళు తొక్కాను. వానాకాలం గట్టు మీద బంకమట్టి చక్రాలకు పట్టేస్తే పుల్లతో గీకి మళ్ళీ తొక్కేదాన్ని. విజయవాడలో స్కూలు బస్సు ఎక్కి చదువుకున్న మా అత్తవారి వైపు వాళ్ళకు ఇవి తెలియవు.

శనివారం తెల్లవారకముందే లేచి మోటెల్ గదిలో ఉన్న ఒక్క పొయ్యి మీద పులిహోర కలిపాను. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన రైస్ కుక్కర్‌లో రెండుసార్లు అన్నం వండాను. పెరుగన్నం కలిపి దానిమ్మ గింజలు వేశాను. ఆవకాయ వేరే సీసాలో పెట్టాను. అన్నీ నేనే మోసుకెళ్ళి బావగారి కారు డిక్కీలో సర్దాను. ఇది గుర్తుంచుకోండి. పులిహోర డిక్కీలో ఉన్నట్టు ఐదుగురికీ తెలుసు. మా తోడికోడలు డిక్కీ మూత తెరిచి హాట్‌ప్యాక్ వాసన చూసి "ఇంగువ దండిగా పడిందే" అని మెచ్చుకుంది కూడా.

సైకిల్ షాపులో నాలుగు సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సన్నగా, కొత్తగా, గేర్లతో. షాపు నడిపే కివీ ఆవిడ నా వైపు చూసి నాకూ కావాలా అని అడిగింది. ఆ ప్రయాణంలో ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే. కావాలన్నాను. మిగిలింది ఒకటే, బరువెక్కువ, మూడే గేర్లు, ముందు పెద్ద బుట్ట ఉంటుంది, ఫరవాలేదా అంది. ఫరవాలేదన్నాను.

మా వాళ్ళ వైపు తిరిగాను.

"నేనూ తొక్కుతున్నాను. కారు ఎవరు తెస్తారో మీరు చూసుకోండి" అన్నాను. ఈ వాక్యం గొంతు తగ్గించి అనలేదు. తెలుగులోనే అన్నాను.

"అబ్బో, వదిన రంగంలోకి దిగింది! ఇక మనం ఇంటికి పోవడమే" అన్నాడు మా మరిది. టకానినిలో ఇల్లు కొన్నప్పటి నుంచి వాడికి ప్రతి విషయం మీదా ఒక వ్యాఖ్యానం ఉంటుంది.

బావగారు నవ్వి మా ఆయన్ని పక్కకు పిలిచి ఏదో చెప్పారు. ఆ చెప్పిందేమిటో నాకు మధ్యాహ్నం దాకా తెలియదు. తర్వాత కూపీ లాగితే తేలింది: "సరదా పడుతోంది, ఓ అరగంట తొక్కనీ. ఊళ్ళోని ఆక్వేరియం దాకా వచ్చి వెనక్కి వెళ్ళి కారు తెచ్చుకుంటుంది. తాళం నీ దగ్గర ఉంచు" అన్నారట. మా ఆయన "సరే" అని తాళం తన జాకెట్ జేబులో వేసుకున్నారు. నాతో ఒక్క ముక్క అనలేదు.

బయలుదేరేసరికి నా సైకిల్ బుట్ట అందరికీ ఉపయోగపడింది. మొదట మా తోడికోడలు హ్యాండ్‌బ్యాగ్ వచ్చింది. తర్వాత బావగారి శాలువా, మరిది కెమెరా సంచి, నాలుగు నీళ్ళ సీసాలు. ఎండెక్కాక మా ఆయన కూడా జాకెట్ విప్పి అందులోనే పడేశారు. ఇంత బరువు మోస్తున్న నేను వెనకబడితే, ముందు నుంచి "అమ్మాయ్, మెల్లగా రా, తొందరేం లేదు!" అని బావగారు కేక వేసేవారు.

చూడాల్సినవి చూశాం, కాదనను. సముద్రపు ఒడ్డున మెరైన్ పరేడ్ రోడ్డు మీద రాతిపై కూర్చున్న మావోరీ అమ్మాయి విగ్రహం చూశాం. సముద్రం మీదకు పొడుచుకొచ్చిన వంతెన చివర నిలబడి కింద కెరటాలు గులకరాళ్ళను ఈడ్చుకుపోవడం విన్నాం. కెరటం వెనక్కి వెళ్ళినప్పుడల్లా చేటలో బియ్యం చెరిగినట్టు చప్పుడు. నది సముద్రంలో కలిసే చోట ముక్కు గరిటెలా ఉన్న తెల్లకొంగలు బురదలో అటూ ఇటూ తలలూపుకుంటూ తిరుగుతున్నాయి. ఆగిన ప్రతిచోటా "నువ్వు తియ్యమ్మా, నీకు బాగా వస్తుంది" అని ఫోటో తీసే పని నాకే అప్పగించారు. అదీ నా ఫోన్‌తోనే. నది దగ్గరికి వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది.

క్లైవ్ అనే ఊరు దాటాక బాట వరదకట్ట మీదుగా వెళుతుంది. అచ్చం మా కాలవగట్టు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఆపిల్ తోటలు. అక్కడ నా కాళ్ళకు పాత లెక్క గుర్తొచ్చింది. ఎప్పుడు దాటానో తెలియకుండానే మా తోడికోడల్ని, తర్వాత బావగారిని దాటేశాను. "అదేంటి, వదిన మోటారు పెట్టించిందా?" అని మరిది అరిచాడు. క్లిఫ్టన్ దాకా తొక్కి తీరాలని ఆ గట్టు మీదే నిశ్చయించుకున్నాను. అంతకుముందు పంతం మాత్రమే. అక్కడి నుంచి అది కోరిక.

హౌమోఆనా చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. అక్కడ సముద్రం ఇళ్ళ దాకా వచ్చేసింది. కొందరు పెరటి గోడకు బదులు పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మలు పెట్టుకున్నారు. ఒక బల్ల దగ్గర అందరం దిగాం. బావగారు చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి, బల్ల ముందు కూర్చున్నారు.

"ఊఁ, పెట్టమ్మా" అన్నారు.

"ఏం పెట్టాలి?"

"భోజనం."

"భోజనం కార్లో ఉంది బావగారూ."

"కారేది?"

"మీరు వదిలిన చోటే ఉంటుంది."

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన మా తోడికోడలి వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది. "నువ్వు వెనక్కి వెళ్ళి తేలేదా?" అంది.

"నాకెవరు చెప్పారక్కా?"

"చెప్పాలా? నువ్వే కదా తెచ్చేది!"

అదే అసలు విషయం. చెప్పాల్సిన అవసరం కూడా వాళ్ళకు కనిపించలేదు. షాపులో నలుగురి ముందు నేనన్న మాట ఒక్కరి చెవిలోకీ వెళ్ళలేదు. ఆక్వేరియం దాటి పదిహేను కిలోమీటర్లు నేను వాళ్ళ పక్కనే తొక్కుతుంటే, వంతెన చివర వాళ్ళకు ఫోటోలు తీస్తుంటే, ఈ మనిషి ఇక్కడుంటే కారెక్కడుంది అని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

"తాళం ఎవరి దగ్గరుంది?" అన్నారు బావగారు.

మా ఆయన మెల్లగా, "జాకెట్‌లో" అన్నారు.

"జాకెట్ ఎక్కడుంది?"

నా బుట్టలో. దాంతో నేరం రుజువైపోయినట్టు మా తోడికోడలు చేతులు చాచింది. "చూశారా? తాళం తన దగ్గరే పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు!"

దగ్గర్లో ఒక డైరీ ఉంది, అంటే ఈ దేశపు కిరాణా కొట్టు. మరిది వెళ్ళి వేడి చిప్స్ పొట్లం, కాసిని అరటిపళ్ళు తెచ్చాడు. ఏ నూనెలో వేయించారో, అందులో అంతకుముందు ఏం వేయించారో అని బావగారు మొహం తిప్పుకున్నారు. రెండు అరటిపళ్ళు తిన్నారు. పెద్దాయన ఆకలి మీద నాకు జాలి వేసింది, వేయలేదని చెప్పను. ఆ జాలి ఇంకో నిమిషం ఉంటే నేనే వెనక్కి వెళ్ళేదాన్నేమో. కానీ ఆయన ఆ నిమిషం ఇవ్వలేదు.

"సరే, అయిందేదో అయింది. అమ్మాయ్, నువ్వు వెనక్కి వెళ్ళి కారు పట్టుకొచ్చేయ్. మేం ఇక్కడే ఉంటాం" అన్నారు. కూరలోకి ఇంకాస్త ఉప్పు తెమ్మన్నంత మామూలుగా.

నేపియర్ అక్కడికి పదహారు పదిహేడు కిలోమీటర్లు. క్లిఫ్టన్ ఆరే.

నేను బుట్టలోవి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. హ్యాండ్‌బ్యాగ్. శాలువా. కెమెరా సంచి. నీళ్ళ సీసాలు, నాది తప్ప. చివరికి జాకెట్ తీసి, జేబులోంచి తాళం తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

"ఎక్కడికి?" అన్నారాయన.

"మనం ఎక్కడికని బయల్దేరామో అక్కడికి."

"ఏంటా మొండితనం, పెద్దవాళ్ళ ముందు?" అంది మా తోడికోడలు. నేను అప్పటికే పెడల్ మీద కాలు వేశాను. బుట్ట ఖాళీ అయ్యాక ఆ ముసలి సైకిల్ ఎంత తేలిగ్గా సాగిందో చెప్పలేను.

క్లిఫ్టన్‌లో బాట నిజంగానే అయిపోయింది. ముందు తెల్లటి, బూడిదరంగు చారల కొండచరియ, దాని కాళ్ళ దగ్గర సముద్రం. అవతల అంచున ఉండే గానెట్ పక్షుల్ని చూసి వస్తున్న జనాన్ని ఒక ట్రాక్టర్, ట్రాలీ మీద ఎక్కించుకుని తడి ఇసుక వెంట తెస్తోంది. ఒక పక్షి నా ఎదురుగానే పైనుంచి నిలువునా నీళ్ళలో పడి, చేపతో లేచింది. కుక్కతో నడుస్తున్న ముసలాయన ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగాడు. నేపియర్ అన్నాను. సైకిల్‌ని, మూడు గేర్లనీ చూసి "దీని మీదా? గుడ్ ఆన్ యూ" అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన మంచిమాట అదొక్కటే. ఫోటో తీయమందామంటే ఫోన్ చచ్చిపోయి ఉంది, మా వాళ్ళ ముప్ఫై ఏడు ఫోటోలు కడుపులో పెట్టుకుని.

తిరిగి హౌమోఆనా వచ్చేసరికి మరిది నేపియర్ దాకా తొక్కి, సైకిల్ షాపులో ఇచ్చేసి, కారు తెచ్చాడు. అందరూ భోంచేశారు. నాకు పెరుగన్నం అడుగున నాలుగు ముద్దలు ఉంచారు. పులిహోర లేదు. అంతకు పది నిమిషాల ముందే అటుగా పోతున్న వాళ్ళెవరితోనో ఫోటో తీయించుకున్నారట. "నువ్వెప్పుడొస్తావో తెలీక" అంది మా తోడికోడలు. హాల్లో ఉన్నది ఆ ఫోటోయే. సరిగ్గా చూస్తే మనుషులు నలుగురు, సైకిళ్ళు మూడు. కింద మూలన బల్ల మీద నా హాట్‌ప్యాక్ మూత తీసి ఉంది, ఖాళీగా. మర్చిపోయిన పులిహోర ఫోటోలోకి ఎలా వచ్చిందో ఇన్నేళ్ళలో ఒక్క అతిథీ అడగలేదు.

బావగారు, తోడికోడలు మరిదితో కార్లో ఎక్కారు. వెనక ఒక్క సీటు ఉంచి, మిగతావి మడిచి వాళ్ళ సైకిళ్ళు పెట్టారు. నేను ఎక్కనన్నాను. మా ఆయన సైకిల్ తీసుకుని నా వెనక వచ్చారు. వరదకట్ట మీద ఒకసారి "కాస్త మెల్లగా తొక్కవోయ్" అన్నారు. తొక్కలేదు.

తర్వాత నాలుగేళ్ళు ఆ పులిహోర కథ ఆ హాల్లో నడిచింది. దీపావళికి, ఉగాదికి, పిల్లల పుట్టినరోజులకి. మా ఆయన కూడా అందరితో పాటు నవ్వేవారు. మొన్న వేసవిలో ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ, తాతల నాటి తెలుగులో, ఆ ఫోటో చూసి నన్ను అడిగింది: "నీవు తొక్కలేదా అమ్మా?"

"తొక్కాను ఆంటీ. క్లిఫ్టన్ దాకా."

"క్లిఫ్టనా? అదెక్కడ?" అన్నారు బావగారు. నిజంగానే అడిగారు. ఆ ప్లాను వేసింది ఆయనే.

అప్పుడు సోఫాలోంచి మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "రోడ్డు చివర అన్నయ్యా. మనం వెళ్ళలేదు. తనొక్కతే వెళ్ళింది. కారు తెమ్మని తనకెవరూ చెప్పలేదు, నేనే చెప్పలేదు" అన్నారు.

 మా తోడికోడలు టీ పెట్టడానికి లేచింది.

నాలుగేళ్ళు పట్టింది ఆయనకు ఆ నాలుగు మాటలకు. ఆ మాటలూ గుర్తుంచుకుంటాను, ఆ నాలుగేళ్ళూ గుర్తుంచుకుంటాను.