చాప విప్పిన పూట

పెదవేగిలో చేతిపనుల సంబరం జరుగుతోందని ఎవరో చెబితే, వెళ్దామన్నది మా అత్తగారే. వానలు వెనకబట్టి కార్తీకం ఎండ హాయిగా కాస్తున్న రోజులు. మావారు పని మీద విశాఖపట్నం వెళ్లారు. నేనూ ఆవిడా ఏలూరులో ఆటో మాట్లాడుకుని పొద్దున్నే బయలుదేరాం. అరవై దాటినా ఆవిడ నడకలో నాకంటే చురుకు, మాటలో అంతకంటే. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పిన గుర్తు లేదు. ఎదురు చెప్పకపోవడం అలవాటైపోయింది.

వేంగి రాజులు ఏలిన ఊరు అది. తవ్వకాల్లో బయటపడిన పాత ఇటుక గోడలకు కాస్త ఎడంగా షామియానాలు వేశారు. తివాచీలు నేసే ముస్లిం కుటుంబమొకటి మగ్గం నిలబెట్టి ఊలు ముడులు వేస్తుంటే జనం చుట్టూ మూగి చూస్తున్నారు. కుండలూ, వెదురు బుట్టలూ, లేసు అల్లికలూ చూసుకుంటూ చివరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చిన ఒకామె తుంగ చాపలు అమ్ముతోంది. చాపలన్నీ చుట్టలుగా చుట్టి ఒకదాని మీద ఒకటి పేర్చింది.

ప్లాస్టిక్ చాప మీద పడుకుంటే ఒళ్లు వేడెక్కిపోతోందని మా అత్తగారు ఎప్పటినుంచో అంటున్నారు. నేత గట్టిదో కాదో చూద్దామని అడుగునున్న చుట్టలోకి చెయ్యి పెట్టారు. వెంటనే తీసేసుకుని, తుంగ పుల్ల గుచ్చుకుందని వేలు నలుపుకున్నారు. అమ్మే ఆమె ఆ చుట్ట లాగి విప్పింది. లోపలినుంచి సన్నగా, నల్లగా, ఒంటి నిండా తెల్లటి కట్లతో ఒక పాము జారి షామియానా పరదా కిందికి పోయింది.

జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. బ్యాడ్జీ పెట్టుకున్న నిర్వాహకులొకరు వచ్చి, అది నీటిపామని, తుంగలో అలాంటివి ఉంటూనే ఉంటాయని సర్దిచెప్పబోయారు. అమ్మే ఆమె ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం ఆయన వంక చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"నీటిపాము కాదండీ. కట్లపాము. నేను చూశానండీ. ఆలస్యం చెయ్యకండి, ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి."

ఆ మాటతో తన దుకాణం దగ్గరికి ఆ రోజు ఎవరూ రారని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది.

మా అత్తగారు మాత్రం కదలలేదు. వేలు చూపించారు. గాటు లేదు, రక్తం లేదు, వాపు లేదు. ఎవరో పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన ఉన్నాడన్నారు. ఆవిడ చిరాకు పడ్డారు.

"పుల్ల గుచ్చుకుందని చెబుతున్నానా? నలుగురిలో ఈ గోలేంటి అమ్మాయ్. తివాచీలు ఇంకోసారి చూసి వెళ్దాం పద."

"లేదండీ అత్తయ్యగారూ. మీరు ఆటో ఎక్కండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ నన్ను తేరిపార చూసి ఎక్కారు. ఆ చెయ్యి కదలకుండా నా ఒడిలో పెట్టుకుని పట్టుకున్నాను.

దారి పొడుగునా ఆవిడ ముఖం అటు తిప్పుకునే కూర్చున్నారు. ఆటో అబ్బాయి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. గేదెల మంద అడ్డొచ్చిన చోట దిగి తనే తోలి వచ్చాడు. నేను వంగి వంగి ఆవిడ కళ్లలోకి చూస్తున్నాను. మామూలుగానే ఉన్నాయి. అనవసరంగా అందరిలో అవమానించానేమో అనిపించసాగింది.

ఏలూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ వేలు చాలాసేపు పరీక్షించింది. కట్లపాము కాటు కంటికి కనబడకపోవచ్చనీ, నొప్పి కూడా ఉండకపోవచ్చనీ, కొన్ని గంటలు కనిపెట్టి చూడాలనీ చెప్పింది. మంచం మీద పడుకోబెట్టారు. గంట గడిచింది. ఏమీ కాలేదు. ఆవిడ కాఫీ అడిగారు, ఇవ్వకూడదన్నారు. ఇంటికి పోదామని రెండుసార్లు లేచి కూర్చున్నారు. మావారు ఫోన్లో, అమ్మ బాగానే ఉన్నానంటోంది కదా అన్నారు. మరి కాసేపు ఉందామని ఇద్దరికీ చెప్పాను.

ఎండ వాలుతుండగా ఆవిడ నా వైపు తిరిగి కళ్లు చికిలించారు.

"అమ్మాయ్, నువ్వు ఇద్దరుగా కనబడుతున్నావేంటి?"

కనురెప్పలు సగానికి దిగి ఉన్నాయి. ఎత్తబోతే లేవడం లేదు. నేను పరిగెత్తి డాక్టరమ్మను పిలిచాను. అప్పటినుంచి అంతా వేగంగా జరిగింది. మందు ఎక్కించారు. మాట ముద్దగా అయిపోయింది, తర్వాత ఆగిపోయింది. ఊపిరి పైపైనే ఆడుతుంటే గొట్టం వేసి మెషీన్ పెట్టారు. బయట బెంచీ మీద కూర్చుని తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఎవరి వంక చూడాలన్నా భయమేసింది.

ఆవిడకు తెలివి ఉందనీ, కళ్లు తెరవలేకపోయినా వినబడుతుందనీ తెల్లారాక నర్సు చెప్పింది. లోపలికి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని, మీ అబ్బాయి వచ్చేశారండీ అన్నాను. ఆవిడ బొటనవేలు నా అరచేతిలో సన్నగా కదిలింది. మావారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

ఆ సాయంత్రం చాపలామె తన భర్తతో వచ్చింది. లోపలికి రాకుండా వరండాలో నిలబడి, అమ్మగారికెలా ఉందండీ అని అడిగింది. మిగిలిన చాపలన్నీ విప్పి దులిపి, దుకాణం కట్టేసి వచ్చామంది. తన మీద కోప్పడతాననుకుందేమో, తల ఎత్తలేదు. మీరు ఆ మాట చెప్పకపోతే మేం తివాచీలు చూస్తూ ఉండిపోయేవాళ్లమండీ అని చెప్పాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు గొట్టం తీశారు. ఆవిడ గొంతు బొంగురుపోయింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, జుట్టు అలా రేగిపోయిందేంటి, వెళ్లి దువ్వుకో అన్నారు. సరేనండీ అని బయటికి వచ్చాను. బెంచీ మీద కూర్చుని జడ విప్పాను. వేళ్లతోనే చిక్కులు తీసుకుంటూ ఏడ్చేశాను.