రష్యా సారు నుదుటి మీద మెరుపు

మా తాత ధర్మయ్యది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. నూలు కంటే రంగులు నచ్చి హైదరాబాద్ వచ్చేసి, ముప్పై ఏళ్లు సినిమా హాళ్లకు బ్యానర్లు గీశాడు. హీరోల మీసాలన్నీ తన చేతి కిందే మొలిచాయని చెప్పుకుంటాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. అప్పటి నుంచి బోరబండలో మా ఇంట్లో నా వంటకు వంకలు పెట్టడమే ఉద్యోగం.

పోయిన నెల అమీర్‌పేట నుంచి వసుమతి గారు కబురు పంపారు. ఆమె రష్యన్ భాష నేర్పుతారు. కోచింగ్ సెంటర్ ముందు గోడ మీద ఒక రష్యా మహాకవి బొమ్మ కావాలట, వెనకాల ఆయన ఊరు, నది, మంచు. ఆ పేరు తాతకు నోరు తిరగలేదు. పదో తరగతి తప్పిన నాకూ తిరగలేదు. ఇద్దరం ‘రష్యా సారు’ అనుకున్నాం.

"బ్రష్ పట్టక పదిహేనేండ్లాయె తాతా. చెయ్యి వణికితే?"

"వణికితే సారు జుట్టుకు ఉంగరాలు మంచిగ తిరుగుతయి. బండి తియ్యి!"

అన్నాడే గానీ, నేను చూడట్లేదనుకుని వేళ్లు పిసుక్కున్నాడు.

అయిదో రోజుకు బొమ్మ పూర్తయింది. వసుమతి గారు గోడ కిందకు వచ్చి తలెత్తి చూశారు.

"ఏంటి ధర్మయ్య గారూ, మంచులో ఉన్న మనిషికి చెమట పట్టిందేంటి?"

నిజమే. నుదుటి మీద, ముక్కు మీద తెల్లటి మెరుపు, బుగ్గ పక్కన నీలం నీడ. బ్యానర్ గీసే చేతికి అదే అలవాటు.

"సనత్‌నగర్ నుంచి బస్సుల నిలవడి వచ్చినట్టుండు," అనేశాను. తాత నవ్వలేదు.

"పిల్లలు నవ్వుతారండీ. సున్నం వేయించి ఫ్లెక్సీ పెట్టిస్తాను," అన్నారామె.

తాత మెల్లగా నిచ్చెన దిగాడు. "గిది ముక్కు ఆనిచ్చి చూసే బొమ్మ గాదమ్మా. జర రోడ్డు అవతలికి రా. ఆడికెల్లి సుత గట్లనే ఉంటే, సున్నం నేనే కొడ్త."

ఆటోలు తప్పించుకుంటూ ముగ్గురం రోడ్డు దాటాం. తాత మాత్రం గోడ వైపు తిరగలేదు. "ఎట్లుంది పిల్లా?" అన్నాడు, మెట్రో పిల్లర్‌నే చూస్తూ.

ఆటపట్టిద్దామనే గోడ వైపు తిరిగాను. చెమట లేదు. మంచు మీది వెలుగు ముఖాన పడ్డట్టుంది. రష్యా సారు తన ఊళ్లో, తన నది ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"నేను చదువుకున్నది ఆ ఊళ్లోనే. చలికాలం ఎండ అచ్చం ఇలాగే ఉంటుంది," అన్నారు వసుమతి గారు. "మీరెప్పుడు చూశారండీ?"

"నేనేడ చూసిన? హీరోలకు ఏసినట్టే ఏసిన."

"ఉంచేయండి. కింద మీ పేరు కూడా రాయండి."

తాత అప్పుడు గోడ వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు.

"ఎడమ కన్ను జర కిందికి వోయింది," అని గొణిగి, బస్సుకు చెయ్యి అడ్డం పెట్టి, మమ్మల్ని అక్కడే వదిలేసి నిచ్చెన వైపు నడిచాడు.