అంబ్రోస్‌కు చేరాల్సిన నురుగు

మా అత్తయ్య లవీనా చాలా ఏళ్ళు మా ఊరి బడి బస్సు నడిపింది. ఇప్పటికీ నలుగురు కూర్చున్న చోటికి వస్తే ముందు తలలు లెక్కపెట్టుకుంటుంది. తాతలైన వాళ్ళను కూడా "కాళ్ళు లోపలికి పెట్టుకో" అని అదిలిస్తుంది. చిన్నప్పుడు ఆమె బస్సెక్కని వాళ్ళు ఊళ్ళో లేరు కనుక ఎవరూ ఎదురు చెప్పరు.

వేసవి వస్తే ఆమె కాపురం చేపలకు పొగబెట్టే గదిలోనే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, సాల్మన్ చేపలు ఆరేసిన వాసాల మధ్య ఒక థర్మామీటర్ వేలాడదీశాను. వేడి చాలకపోతే చేపలో ఏమేం పెరుగుతాయో కాలేజీలో చదువుకున్నదాన్ని మరి. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేపకి జ్వరమేమన్నా వచ్చిందా, అమ్మాయ్?"

మా పాపకు పళ్ళొచ్చే రోజుల్లో నమలమని పొగ చేప ముక్క చేతికిచ్చింది కూడా ఆమే. గొంతుకు అడ్డం పడుతుందేమోనని నేను కళ్ళార్పకుండా పక్కనే కూర్చున్నాను.

"ఊపిరి తీసుకో" అంది అత్తయ్య. "దానికి కాదు, నీకు చెబుతున్నా."

అంతటి మనిషి నోరు పడిపోవడం నేను ఒక్కసారే చూశాను.

ఆమె అన్న అంబ్రోస్ పోయి ఏడాది తిరిగింది. చిల్కాట్ ఏటి ఒడ్డున చెట్ల మీద గద్దలు బారులు తీరే కాలంలో అత్తయ్య తరపు వాళ్ళు ఊరి హాల్లో ఆయన పేరిట పిలుపు విందు పెట్టారు. మా జనమంతా పుట్టుకతో రెండు పక్షాలు, తల్లిది ఏదైతే బిడ్డలదీ అదే. అత్తయ్యది బొంతకాకి పక్షం. ఆమె కడుపున పుట్టినవాడు కనుక మా ఆయనదీ అదే. నేను గద్ద పక్షం, నా కూతురూ గద్దే. అంబ్రోస్‌ను మోసింది, గుంట తవ్వింది మా గద్దలు. అందుకని ఆ పూట మేం కదలకుండా కూర్చోవాలి, కాకులు మాకు వడ్డించాలి. పోయినాయనకు ఇష్టమైనదాన్ని ఆయన పేరు పిలిచి మాలో ఒకరి చేతికిస్తారు. ఆ మనిషి తింటే ఆయనకు చేరుతుంది.

అంబ్రోస్‌కు ప్రాణం సబ్బుపండ్ల నురుగు. ఎర్రటి చిన్న పండ్లు. కాసిని నీళ్ళు, చక్కెర వేసి చిలికితే కుంకుడుకాయ నురుగులా గిన్నె నిండా లేస్తాయి. కాస్త చేదు, కాస్త తీపి. ఆ ఏడు పొదలన్నీ ఎలుగుబంట్లే దులిపేసుకున్నాయి. అత్తయ్య కొండవాలంతా గాలించి ఒక్క సీసాడు పండ్లు సంపాదించింది.

పొద్దుటి పూట ఏడుపు పాటలు అయిపోయాయి. మా వాళ్ళు లేచి ఓదార్పు మాటలు చెప్పారు. కళ్ళు తుడుచుకున్నాక ఇక నవ్వాలి, అదే పద్ధతి. అత్తయ్య నురుగు చిలకడానికి అందరి ముందుకీ ఒక కొయ్యగిన్నె తెచ్చింది. అంబ్రోస్ తన చేత్తో చెక్కుకున్న గిన్నె అది.

ఆమె చెల్లెలు ఫ్లోరా గాభరాగా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అందులో వద్దే! అన్నయ్య బతికినన్నాళ్ళూ ఎండుచేపలు నూనెలో ముంచుకు తిన్నది దీంట్లోనే కదా."

"మరిగే నీళ్ళు పోసి తోమానే. వాసన చూడు. అన్నయ్య నురుగు అన్నయ్య గిన్నెలోనే."

నూనె పొడ తగిలితే సబ్బుపండ్లు నురుగు కట్టవని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అత్తయ్యకూ తెలుసు. కానీ అన్న మీద ప్రేమ ఆ మాట విననివ్వలేదు. సీసా అంతా ఒక్కసారే వంపేసి చిలకడం మొదలుపెట్టింది. చిలికింది, చిలికింది. చేతులు మార్చుకుని మళ్ళీ చిలికింది. నాలుగు బుడగలు లేచి పగిలిపోయాయి. గిన్నెలో ఎర్రనీళ్ళు మిగిలాయి.

నా పక్కన ఫ్లోరా మొగుడు సైరస్ మావయ్య కూర్చుని ఉన్నాడు. మా పక్షమే. అంబ్రోస్‌తో పడవ పంచుకున్న మనిషి, బావను ఆట పట్టించకుండా ఒక్క పూట ఉండలేకపోయినవాడు.

"వదినా, అది నురుగా, మా పడవ అడుగున చేరే నీళ్ళా?" అని అరిచాడు.

హాలంతా నవ్వింది. అత్తయ్య నవ్వలేదు, తిట్టనూ లేదు. చిలుకుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. గిన్నెలోకే చూస్తూ, "అన్నయ్య ఆకలితో కూర్చునుంటాడు" అంది మెల్లగా.

సైరస్ మావయ్య కుర్చీలో ఇటు జరిగాడు, అటు జరిగాడు. తర్వాత నా చెవిలో, "మా ఇంట్లో ఒక సీసా ఉంది" అన్నాడు.

"ఇవ్వండి మరి!"

"పిచ్చిదానా, నేను గద్దని. పిలుపుకొచ్చి మన తిండి మనం తెచ్చుకుంటే ఏమిటర్థం? కాకులకి మనకి పెట్టే గతి లేదని. మీ అత్త చచ్చేదాకా తలెత్తుకోలేదు."

"అయితే చిన్నత్తయ్యకి చెప్పండి. ఆవిడ కాకే కదా."

"దానికి తెలియకుండానే దాచానే! కిందటేడు సీసాలన్నీ చుట్టాలకి పంచిపెట్టేసింది."

పాపను ఒళ్ళో అటు తిప్పి నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయన అత్తయ్య ముఖం చూశాడు, నిట్టూర్చాడు, గొంతు సవరించుకున్నాడు.

"నాకేం తెలీదు గానీ," అన్నాడు హాలు పైకప్పుతో మాట్లాడుతున్నట్టు, "కొంతమంది ఇల్లాళ్ళు ఫ్రిజ్‌లో దుప్పి మాంసం వెనక ఏముందో ఎన్నడూ చూసుకోరు."

ఫ్లోరా గిరుక్కున తిరిగింది. "ఏముంది వెనక?"

"నేను అతిథిని. నన్నడక్కు."

"ఉండు, నీ పని ఇంటికొచ్చాక చెప్తా. నా ఫ్రిజ్‌లో ఉన్నది నాది కాక ఎవరిదీ?" అంటూనే కారు తాళాలందుకుని పరుగెత్తింది. వెనక నుంచి కాకులందరూ చప్పట్లు. మా గద్దలు మాత్రం ఏమీ విననట్టు బుద్ధిగా కూర్చున్నాం.

సీసా వచ్చింది. ఈసారి గాజుగిన్నె. అత్తయ్య నోరు తిరిగొచ్చింది. "చేతులు కడుక్కోండి! మోచేతుల దాకా! ఎవరా నూనె రాసుకున్నది? అమ్మాయ్, నీ పిల్లని ఇటు రానివ్వకు, దాని బుగ్గలే చేపనూనె డబ్బాలు!"

నురుగు లేచింది. గులాబీ రంగులో గట్టిపడి, గిన్నె అంచు దాటి పొంగింది. అత్తయ్య పెద్ద గరిటెడు తీసి చిన్న గిన్నెలో వేసి, అంబ్రోస్‌కు వాళ్ళ వంశం పెట్టిన పాత పేరు గొంతెత్తి పిలిచింది. నేరుగా సైరస్ మావయ్య దగ్గరికొచ్చి చేతికిచ్చింది.

తన పండ్లను తనే దానం పుచ్చుకున్న ఆయన లేచి నిలబడ్డాడు. "గునల్‌చీష్" అని మా భాషలో ధన్యవాదాలు చెప్పుకుని, "ఇంత మంచి పండ్లు ఎక్కడ దొరికాయి, వదినా?" అన్నాడు.

"మా చెల్లెలింట్లో. దాని మొగుడు ఉత్త పిసినారి."

ఆయన తినడం మొదలుపెట్టాడు. మొదట్లో పళ్ళు ఇకిలించాడు గానీ, సగానికొచ్చేసరికి నవ్వు తగ్గింది. చివరి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.  అత్తయ్య ఆయన నోటి వంకే చూస్తూ నిలబడింది.

"చేరిందా?" అంది.

"చేరింది." ఖాళీ గిన్నె ఆమె ముందుకు చాపాడు. "బావ ఇంకాస్త అడుగుతున్నాడు."

"మా అన్నయ్యకి ఇంత ఆశ లేదు. ఇది నీ ఆశే" అంటూ అత్తయ్య పకపకా నవ్వింది. నవ్వుతూనే గిన్నెను ఈసారి అంచుకు మించి నింపింది.