రాజమండ్రి బంతాటకు వెళ్లే తండ్రులకు

మా సుబ్బారాయుడు రాజమండ్రిలో బంధువుల ఇంట ఉండి ఇంగ్లీషు చదువు చదువుతున్నాడు. కాకినాడ పిల్లలతో ఫుట్‌బాల్ పోటీ ఉందనీ, శనివారం సాయంత్రం అందరినీ ఆడించి పదకొండు మందిని ఎంచుతారనీ, ఆ పదకొండులో పడకపోతే ఎలాగో తెలియడం లేదనీ ఉత్తరం రాశాడు. రమ్మని మాత్రం రాయలేదు. నేనే ఆగలేకపోయాను.

మా రామచంద్రపురం నుంచి వెళ్లేవారికి కాలువ పడవే సుఖం. శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి ఎక్కితే, గట్టు మీద మనుషులు తాడుతో లాగుతూ, కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర ఆగుతూ, మర్నాడు పొద్దెక్కేసరికి ధవళేశ్వరం చేరుస్తారు. మనిషికి మూడణాలు. అటుకులు, బెల్లం కట్టుకోండి. పడవ సరంగు నా కొత్త ఉత్తరీయం చూసి, "ఏంటండీ, కోర్టు పనా?" అన్నాడు.

"కాదయ్యా, మా అబ్బాయి బంతి ఆడుతుంటే చూద్దామని."

"బంతాటకి ఇంత దూరమాండీ!" అని తాడు లాగేవాళ్లకు కూడా చెప్పి నవ్వించాడు. నాకూ నవ్వొచ్చింది.

ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి ఒంటెద్దు బండిలో గంటన్నర. బంధువులింట భోజనం చేసి నాలుగింటికి మైదానానికి వెళ్లాను. పిల్లలు పంచెలు ఎగ్గట్టి, ఉత్త కాళ్లతో ఆ తోలు బంతిని తంతున్నారు. మావాడి పని వెనక నిలబడి, గోలు వైపు వచ్చే బంతిని ఆపడం. బాగానే ఆపుతున్నాడు. ఇంతలో ఎదుటి పక్షం కుర్రవాడొకడు బంతితో దూసుకొస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "సుబ్బారాయుడూ!" అని కేకేశాను. వాడు ఠక్కున ఆగి, నా వైపు తిరిగి, చేతులు కట్టుకుని "అండీ!" అన్నాడు. బంతి వాడి పక్కనుంచే వెళ్లి గోలులో పడింది.

పెద్దవాళ్లు పిలిస్తే చేస్తున్న పని ఆపి, ఎదురుగా నిలబడి పలకాలని మా ఇంట్లో నేర్పింది నేనే. మైదానమంతా నవ్వింది. వాడి కళ్లలో నీళ్లు చూసి నాకు తల కొట్టేసినట్లయింది.

ఆట నేర్పే మేష్టారు నా దగ్గరికి వచ్చారు. "నాన్నగారాండీ? మీరు పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటాడండీ, వాణ్ణి ఏమీ అనలేను. ఇంకో గోలు పడితే మాత్రం వేరేవాణ్ణి చూసుకోవాలి."

"నన్నేం చెయ్యమంటారండీ?"

"ఏమీ చెయ్యకండి. అదే కష్టం లెండి."

ఉత్తరీయం అంచు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఒకసారి వాడు పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. పేరు గొంతు దాకా వచ్చింది, మింగేశాను. లేచాడు, నా వైపు చూడకుండా బంతి వెనక పరిగెత్తాడు. ఇంకో గోలు పడలేదు.

మేష్టారు చదివిన పదకొండు పేర్లలో మావాడిది ఆఖరిది. ఎగురుకుంటూ వచ్చి, దగ్గరయ్యేసరికి ఒద్దికగా నిలబడి, "నాన్నగారూ, కాకినాడ పోటీకి మీరు..." అని ఆగిపోయాడు.

"రానులేరా," అన్నాను. వాడి ముఖం విప్పారింది. నాకు కాస్త బాధేసిన మాట నిజం.

పక్కన ఉండి చెబుతుంటేనే పిల్లలు బాగుపడతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. మనం చెప్పింది వాళ్లలో ఎంత గట్టిగా నాటుకుంటుందో, అది ఎక్కడ అడ్డం పడుతుందో మనకే తెలియదు. మీరు వెళితే బండివాణ్ణి తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి, సాయంత్రం బళ్లు దొరకవు. మైదానంలో పిల్లవాడికి కనిపించనంత దూరంగా కూర్చోండి. కాకినాడ మా ఊరికి రాజమండ్రి కన్నా దగ్గర, అయినా పోటీ రోజున ఇంటి పట్టునే ఉన్నాను. ఎలా ఆడాడో సెలవులకు వచ్చినప్పుడు వాడే చెప్పాడు, నేను అడగకుండానే, అన్నం చల్లారిపోయేదాకా.