గేటు దగ్గరి మాట

కంచరపాలెంలో మా పక్కింటి ప్లీడరుగారు క్లయింట్లను గేటు దాకా సాగనంపి, "కోర్టుంది కదమ్మా, భయపడకు" అనేవారు. వినీ వినీ మాకు విసుగొచ్చేది.

ఎమర్జెన్సీలో ఓ పోర్టు కూలీ భార్య వచ్చింది. భర్తను పోలీసులు పట్టుకెళ్ళి నెలలయింది, విచారణ లేదు. అలా నిర్బంధించినవాళ్ళ గురించి ఏ కోర్టూ అడగడానికి లేదని అప్పుడే ఢిల్లీలో తీర్పొచ్చింది. ఇంగ్లండులో అయితే మనిషిని జడ్జి ముందు నిలబెట్టాలనీ, జర్మనీలో కొన్ని హక్కులను పార్లమెంటు కూడా ముట్టుకోకూడదనీ ఆయన చెప్పుకుపోయారు.

ఆమె ఓపిగ్గా వింది.

"అయితే ఆ దేసం కోర్టుకే ఓ కాయితం ఎట్టండి బాబూ."

ఇద్దరూ గేటు దాకా వచ్చారు. గోడ ఇవతల నేను ఆ మాట కోసమే ఎదురుచూశాను. ఆయన ఆగకుండా గేటు దాటి, ఆమె వెనకే బస్టాపు దాకా నడిచారు.