వెనక కంచె కెమెరా

ఆ నర్సరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళకీ, పాదులకు నీళ్ళు పట్టేవాళ్ళకీ, ఆఖరికి ఎరువుల లారీ డ్రైవరుకీ ఆయన అల్లుడుగారే. పెళ్ళైన కొత్తలో మామగారు గేటు దగ్గర నిలబడి, చెయ్యి బారచాపి, "ఇదంతా నీదే అల్లుడూ" అన్నారు. కనుచూపు మేరంతా మొక్కలే. ఆ మాట మామగారు మళ్ళీ అనలేదు, ఈయనా గుర్తు చెయ్యలేదు. తెల్లారి లేస్తే మోటారు వెయ్యడం, కూలీల మీద కేకలెయ్యడం, మామగారు కేకలేస్తే చేతులు కట్టుకుని వినడం, ఇవి మాత్రం నిజంగానే ఈయనవి అయిపోయాయి.

తనకంటూ ఉన్నది వెనక కంచె దగ్గరి బండరాయి ఒక్కటే. గురువారం మధ్యాహ్నం మామగారు భోంచేసి కునుకు తీస్తారు. ఆ వేళకి ఈయన అన్నయ్య మోటారు సైకిలు మీద కంచె అవతలికి వస్తాడు. ఫ్లాస్కులో టీ తెస్తాడు. ఇనుప తీగల మధ్యనుంచి ఒక గ్లాసు ఇటు అందిస్తాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేదేం ఉండదు. మోకాళ్ళ నొప్పులు, చిన్నప్పటి దెబ్బలాటలు. వెళ్ళేటప్పుడు "ఉంటానురా" అంటాడు. ఆ 'రా' కోసమే అల్లుడుగారు వారమంతా ఎదురుచూస్తారు.

ఈ దొంగచాటు ఎందుకంటే, అన్నయ్యకి నోటి దురుసు. ఏళ్ళ కిందట మామగారి మొహం మీదే, "మావాణ్ణి అల్లుణ్ణి చేసుకున్నారా, జీతం లేని పాలేరుని చేసుకున్నారా?" అని అడిగేశాడు. మామగారు అరవలేదు. అల్లుడి వైపు తిరిగి, "ఇతన్ని మళ్ళీ కలిశావని తెలిస్తే, నా కూతుర్నీ మనవరాల్నీ ఇక్కడే వదిలేసి నువ్వొక్కడివే వెళ్ళాలి" అన్నారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. గురువారాల సంగతి అల్లుడుగారు భార్యకి కూడా చెప్పలేదు. చెబితే పాపం ఆవిడా తండ్రి దగ్గర అబద్ధాలాడాలి.

అలా గుట్టుగా సాగిపోతుండగా ఎవరో మోటారు కేబులు కోసుకుపోయారు. మామగారు కెమెరాలు పెట్టే అమ్మాయిని పిలిపించారు. "ఏ కెమెరా, ఎక్కడ పెట్టాలి, అంతా నీ ఇష్టం అల్లుడూ" అన్నారు. ఆ ఇంట్లో ఈయనకి అప్పగించిన మొదటి నిర్ణయం అది. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి ఈయనకి చెమటలు పట్టాయి.

గేటు దగ్గర ఒకటి, మోటారు షెడ్డుకి ఒకటి, చకచకా తేలిపోయాయి.

"వెనక వైపు ఏముంది సార్?" అని అడిగిందా అమ్మాయి.

అల్లుడుగారు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "అబ్బే, అక్కడ నరసంచారమే ఉండదమ్మా" అన్నారు.

ముందు నడుస్తున్న మామగారు టక్కున ఆగిపోయారు. "నరసంచారం లేని చోటికే కదయ్యా దొంగ వచ్చేది! భలే చెప్పావు, నాకు తట్టనే లేదు."

అల్లుడుగారు గబగబా అమ్మాయి వైపు తిరిగారు. "అంత దూరం ఇంట్లో వైఫై అందదేమో?"

"అందదు సార్. అందుకే అక్కడికి సిమ్ కార్డు కెమెరా."

"కరెంటు లేదు కదమ్మా."

"సోలార్ పలక వస్తుంది సార్. బ్యాటరీ దానంతటదే నిండుతుంది."

"అక్కడంతా చెట్ల నీడ..."

చూద్దామని ముగ్గురూ వెళ్ళారు. కంచె దగ్గర ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఈయన ఖర్మకి ఒక్క కొమ్మ కూడా అటు వంగి లేదు.

"ఈ రాయి మీద టీ మరకలున్నాయి. ఎవరో కూర్చుంటున్నట్టున్నారే?" అందా అమ్మాయి.

"కూలీలు" అన్నారు అల్లుడుగారు గబుక్కున.

"ఓహో, పని ఎగ్గొట్టి ఇక్కడ చేరుతున్నారన్నమాట" అన్నారు మామగారు. "అయితే రాయి కూడా కనపడాలి."

"కదలకుండా ఒకే వైపు చూసేది చాలు మామయ్యా" అని ఆఖరి ప్రయత్నం చేశారు అల్లుడుగారు. మామగారు వింటేగా! మనిషి ఎటు కదిలితే అటు తల తిప్పేది, ఇంట్లో కూర్చుని ఫోన్లో మాట్లాడితే అక్కడ, అక్కడి మాటలు ఇంట్లో వినిపించేది తీసుకున్నారు. బిగించే రోజు గురువారం పడింది.

ఆ గురువారం మామగారు కునుకు తియ్యలేదు. ఆడుకోవడానికి కొత్త బొమ్మ దొరికింది మరి. అల్లుడుగారు మోటారు షెడ్డు చాటుకెళ్ళి అన్నయ్యకి ఫోన్ మీద ఫోన్ చేశారు. బండి మీద ఉన్నప్పుడు అన్నయ్య ఫోన్ ఎత్తడు.

"అల్లుడూ! కంచె దాకా వెళ్ళి అటూ ఇటూ నడువు. ఎలా కనపడతావో చూస్తాను" అని వరండాలోంచి కేకేశారు మామగారు.

నడిచారు. స్తంభం మీద కెమెరా ఆయన వెంటే తల తిప్పింది. అంతలోనే మోటారు సైకిలు చప్పుడు. అన్నయ్య బండికి స్టాండు వేసి, సంచిలోంచి ఫ్లాస్కు తీసి, హెల్మెట్ విప్పబోతూ పట్టీ మీద చెయ్యి వేశాడు.

"ఎవరయ్యా అతను?" అంది కెమెరా, మామగారి గొంతుతో.

అన్నయ్య చెయ్యి పట్టీ మీదే ఆగిపోయింది. మా అన్నయ్య అని చెప్పెయ్యాలని అల్లుడుగారికి గొంతుదాకా వచ్చింది. పొద్దున బడికి వెళ్తూ చెయ్యి ఊపిన కూతురు కళ్ళ ముందు మెదిలింది.

"ఎవరు కావాలండీ?" అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని 'అండీ' అనడం అదే మొదలు. హెల్మెట్ లోపల ఆ కళ్ళు కెమెరాని చూశాయి, తమ్ముణ్ణి చూశాయి.

"దారి తప్పానండీ" అన్నాడు అన్నయ్య. ఫ్లాస్కుని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "పెద్ద రోడ్డు ఎటండీ?"

అల్లుడుగారు చెయ్యి చాపి చూపించారు. బండి వెళ్ళిపోయింది. 'ఉంటానురా' అని ఈసారి ఎవరూ అనలేదు.

"శభాష్! అలా నిలదియ్యాలి" అన్నారు మామగారు కెమెరాలోంచి. "నీ పక్కనే ఉన్నట్టుందయ్యా నాకు."

 అల్లుడుగారు మెల్లగా వెళ్ళి బండరాయి మీద కూర్చోబోయారు.

"అక్కడ కూర్చోకు అల్లుడూ. నిన్ను చూసి కూలీలు కూడా కూర్చుంటారు."

అల్లుడుగారు లేచి నిలబడ్డారు.